ఐసోటోపుల లెక్క: ముందు కింది అంకె చూడండి

క్లోరిన్ పరమాణువులో 18.5 న్యూట్రాన్లు ఉంటాయని ఒకసారి పరీక్షలో రాసొచ్చాను. ఆవర్తన పట్టికలో క్లోరిన్‌కి ఇచ్చిన ద్రవ్యరాశి 35.5 లోంచి ప్రోటాన్లు 17 తీసేస్తే అంతేగా మరి! సగం న్యూట్రాన్ ఎలా ఉంటుందన్న డౌటు కూడా రాలేదు.

మూలకం గుర్తుకి ఎడమవైపు కింద రాసేది పరమాణు సంఖ్య, అంటే ప్రోటాన్ల లెక్క. మూలకం ఏదో తేల్చేది అదొక్కటే. 17 ఉంటే క్లోరిన్, 18 ఉంటే ఆర్గాన్, అందులో బేరాల్లేవు. పైన రాసేది ద్రవ్యరాశి సంఖ్య, ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి. పైదాంట్లోంచి కిందిది తీసేస్తే న్యూట్రాన్లు వచ్చేస్తాయి. ఎలక్ట్రాన్ల దగ్గర మాత్రం ముందు ఆవేశం చూసుకోండి: ఆవేశం లేకపోతే ప్రోటాన్లెన్నో అవీ అన్నే, ప్లస్ ఒకటి ఉంటే ఒకటి తక్కువ.

కింది అంకె అదే ఉండి పైది మారితే ఐసోటోపులు. కార్బన్-12లో 6 న్యూట్రాన్లు, కార్బన్-14లో 8, రెండింటిలోనూ ప్రోటాన్లు 6. పై అంకె ఒకటే అయి కిందిది మారితే (కార్బన్-14, నైట్రోజన్-14 లాగా) అవి ఐసోబార్లు. పేర్లు బట్టీ పట్టేకంటే రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూడటం నయం.

ఇక ఆ 35.5 సంగతి. ఏ ఒక్క క్లోరిన్ పరమాణువు ద్రవ్యరాశీ అంత ఉండదు, అది సగటు. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో ప్రతి నాలుగు పరమాణువుల్లో సుమారు మూడు క్లోరిన్-35, ఒకటి క్లోరిన్-37. మూడు 35లు 105, దానికి 37 కలిపితే 142, నాలుగుతో భాగిస్తే 35.5. అందుకే న్యూట్రాన్లు లెక్కపెట్టేటప్పుడు ఆవర్తన పట్టికలోని దశాంశ సంఖ్య జోలికి వెళ్లకుండా, ప్రశ్నలో ఇచ్చిన ఐసోటోపు అంకెనే వాడాలి.

ఐసోటోపులన్నీ రేడియోధార్మికమే (అంటే కేంద్రకం దానంతటదే విచ్ఛిన్నమయ్యేవే) అనుకోవడం ఇంకో పొరపాటు. కార్బన్-12, 13 రెండూ స్థిరమైనవే, 14 మాత్రం విచ్ఛిన్నమవుతూ సుమారు 5,730 ఏళ్లకి సగమవుతుంది. ఎలక్ట్రాన్ల అమరిక ఒకటే కాబట్టి రసాయన ధర్మాలు దాదాపు మారవు, కానీ బరువు తేడా కళ్లకి కనపడే సందర్భాలున్నాయి: డ్యుటీరియంతో (అంటే హైడ్రోజన్-2తో) తయారైన భారజలాన్ని గడ్డకట్టించి మామూలు నీళ్లలో వేస్తే ఆ ఐసుముక్క తేలదు, మునిగిపోతుంది.

ఇది చేసి చూడండి: ఆక్సిజన్-18, రెండు రుణావేశాలు. 8 ప్రోటాన్లు, 10 న్యూట్రాన్లు, 10 ఎలక్ట్రాన్లు రావాలి. ఎలక్ట్రాన్లు 6 వచ్చాయంటే మైనస్ చూసి తీసేశారన్నమాట, కలపాలి.