రిమోట్ టెర్మినల్‌లో ఎడిటర్ కీలు మొరాయిస్తే ఏం చేయాలి?

ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంలోని కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సర్వర్‌లోకి వెళ్లి విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ తెరిచి బ్యాక్‌స్పేస్ కొడితే ^? అని పడుతుంది. ఈమాక్స్ అనే మరో ఎడిటర్‌లోనైతే హెల్ప్ ఊడిపడుతుంది. వెంటనే ఎక్కడివో నాలుగు లైన్లు తెచ్చి విమ్ సెట్టింగుల ఫైలు విమ్‌ఆర్‌సీలో అతికించేస్తారు. ఆ ఫైలు జోలికి ఇప్పుడే పోకండి. తప్పు చాలావరకు ఎడిటర్‌ది కాదు.

షెల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే చోట, కంట్రోల్-వి నొక్కి వదిలి, బ్యాక్‌స్పేస్ నొక్కండి. ^? వస్తే కీ పంపే కోడ్ 127, ^హెచ్ వస్తే 8. ఇప్పుడు ఎస్‌టీటీవై -ఏ (stty -a) కొట్టి, ఎరేజ్ (erase) పక్కన ఏముందో చూడండి. రెండూ కలవకపోతే ఎస్‌టీటీవై ఎరేజ్ అని రాసి, స్పేస్ ఇచ్చి, కంట్రోల్-వి, బ్యాక్‌స్పేస్, ఎంటర్. ఎడిటర్‌ని మూసి తెరవండి. విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌కి పుట్టీ అనే ప్రోగ్రాం వాడితే, అందులో బ్యాక్‌స్పేస్ కీబోర్డ్ సెట్టింగ్ 127 మీదే ఉండాలి. 8 పెడితే ఈమాక్స్‌కి అది కంట్రోల్-హెచ్, అంటే హెల్ప్.

స్క్రీన్ బిగుసుకుపోతే, సేవ్ చేసే అలవాటుకొద్దీ కంట్రోల్-ఎస్ నొక్కి ఉంటారు. కంట్రోల్-క్యూ కొట్టండి, కదులుతుంది.

అసలు చిక్కు బాణం కీలది. విమ్ ఇన్‌సర్ట్ మోడ్‌లో (టైపు చేసే స్థితిలో) పై బాణం నొక్కితే కొత్త లైను తెరుచుకుని అందులో ‘ఏ’ పడుతోందా? కీ పంపింది ఎస్కేప్, ఓ, ఏ. అదంతా ఒకే కీ అని విమ్ పోల్చుకోలేదు. ఎస్కేప్‌కి మోడ్ దిగింది, ఓ కి లైను తెరిచింది, ఏ ని అచ్చు వేసింది. చాలాసార్లు టర్మ్ (TERM) వేరియబుల్‌లో, అంటే మీది ఏ రకం టెర్మినలో ప్రోగ్రాములకు చెప్పే చోట, ఉన్న పేరు తప్పయి ఉంటుంది.

అలాగని షెల్ సెట్టింగుల ఫైలు బాష్‌ఆర్‌సీలో టర్మ్=ఎక్స్‌టర్మ్ అని ఎక్స్‌పోర్ట్ చేయకండి. అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది ఈ ఒక్క లైనే. టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో చాలా విండోలు నడిపే ప్రోగ్రాం) లోపల టర్మ్ విలువ టీమక్స్-256కలర్ గానీ స్క్రీన్-256కలర్ గానీ ఉండాలి. మీ లైను దాన్ని తుడిచేస్తుంది. అప్పుడు హోమ్, ఎండ్ కీలు కూడా పోతాయి. బయట మీ టెర్మినల్ పెట్టిన పేరునే ఉండనివ్వండి. ఆ పేరు సర్వర్‌కి తెలియదంటే ఆ టెర్మినల్ వివరణను పంపండి: మీ మెషిన్‌లో ఇన్ఫోకంప్ -ఎక్స్ (infocmp -x) ఇచ్చి, పైపు (|) పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా అవతల టిక్ -ఎక్స్ - (tic -x -) నడపండి. చివరి డ్యాష్ మరిచిపోతే పని జరగదు. ఇది టీమక్స్ బయట నుంచే చేయాలి, లేకపోతే వెళ్లేది టీమక్స్ వివరణ. రూట్‌గా నడపకండి, మామూలు యూజర్‌గా చేస్తే మీ హోమ్ డైరెక్టరీలోనే ఉంటుంది. ఆ తర్వాత లాగవుట్ చేసి మళ్లీ రండి.

ఎస్కేప్ ఆలస్యంగా పనిచేస్తే టీమక్స్‌లో ఎస్కేప్-టైమ్ (ఎస్కేప్ తర్వాత ఇంకేమైనా వస్తుందేమోనని ఆగి చూసే సమయం) చూడండి. పాత వెర్షన్లలో అది 500 మిల్లీసెకన్లు. 20 చాలు. సున్నా పెట్టమనేవాళ్ల మాట వినకండి: నెట్‌వర్క్ నెమ్మదిస్తే బాణం కీ పంపిన అక్షరాలు విడివిడిగా చేరి, మళ్లీ అదే ‘ఏ’ పడుతుంది.