గ్రీకు పురాణ బొమ్మలు చదవడం – 3వ పాఠం: ముఖం కాదు, చెయ్యి చూడండి

పోయిన పాఠం చివర గ్రీసు దేశపు రెండు యూరోల నాణెం మీద బొమ్మ చూసి కథ చెప్పమన్నాను. ఎద్దు మీద కూర్చున్నావిడ యూరోపా, ఫినీషియా రాకుమారి. ఆ ఎద్దు దేవతల రాజు జ్యూస్. సముద్రం ఒడ్డున చెలికత్తెలతో ఆడుకుంటున్న పిల్ల దగ్గరికి తెల్లటి ఎద్దు రూపంలో వచ్చి, సాధు జంతువులా పడుకుని, ఆమె తన వీపు మీదికి ఎక్కగానే నీళ్లలోకి దూకి క్రీట్ దీవికి ఎత్తుకుపోయాడు. ఈ బొమ్మను స్పార్టాలో దొరికిన 3వ శతాబ్దపు మొజాయిక్ (చిన్న రాళ్లు పొదిగి చేసిన బొమ్మ) నుంచి తీసుకున్నారు. ఎద్దు కనబడగానే మినోటార్ అని రాసుకున్నవాళ్లు ఇంకోసారి చూడండి. మినోటార్‌కి ఎద్దు తల, మనిషి ఒళ్లు. ఇక్కడున్నది తల నుంచి తోక దాకా ఎద్దే.

ఇవాళ్టి పని, ఒంటరిగా నిలబడ్డ దేవుణ్ణి గుర్తుపట్టడం. ఎక్కువమంది తడబడేది ఇక్కడే, ఎందుకంటే ముందు ముఖం చూస్తారు. గ్రీకు శిల్పులు దేవుళ్ల ముఖాల్లో పెద్దగా తేడా చూపించలేదు. గడ్డం ఉన్న పెద్దాయన జ్యూస్ కావచ్చు, సముద్ర దేవుడు పొసైడన్ కావచ్చు, వైద్య దేవుడు అస్క్లీపియస్ కావచ్చు. గడ్డం రాని కుర్రాడు సంగీత దేవుడు అపోలో కావచ్చు, దేవతల వార్తాహరుడు హెర్మీస్ కావచ్చు. గుళ్లో శంఖచక్రాలు చూసి విష్ణువని ఎలా పోల్చుకుంటామో ఇక్కడా అంతే. మొదట చేతులు చూడండి, తర్వాత తల, తర్వాత కాళ్లు, ఆ తర్వాత పక్కనున్న జంతువు. ముఖం చివర్న.

గుర్తులు కొన్ని చెప్తాను, నోట్‌బుక్‌లో రాసుకోండి. పిడుగు, గద్ద ఉంటే జ్యూస్. గ్రీకు బొమ్మల్లో పిడుగు మధ్యలో పట్టుకోడానికి సన్నగా ఉండి, రెండు కొసలా విచ్చుకుని ఉంటుంది. మెరుపు గీత కోసం వెతక్కండి. మూడు మొనల ఈటె పొసైడన్‌ది. విల్లు, లైర్ అనే తీగల వాద్యం అపోలోవి. ఆడమనిషి చేతిలో విల్లు ఉండి పక్కన లేడి ఉంటే వేట దేవత ఆర్టెమిస్. శిరస్త్రాణం, ఈటె, గుడ్లగూబ జ్ఞాన దేవత ఎథీనావి. ద్రాక్షతీగ, మద్యం పాత్ర ద్రాక్షమద్యం దేవుడు డయోనిసస్‌వి. రెక్కల చెప్పులు, అంచు వెడల్పాటి టోపీ హెర్మీస్‌వి. దుడ్డుకర్ర, సింహం తోలు మహాబలుడైన వీరుడు హెరాక్లీస్‌వి.

ఇప్పుడు, చేతిలో వస్తువు పోతే ఏమవుతుందో చూద్దాం. ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఒక కంచు విగ్రహం ఉంది. ఆర్టెమిసియన్ అగ్రం దగ్గర సముద్రం అడుగున 1926, 1928లలో ముక్కలుగా దొరికింది. ఎత్తు 2.09 మీటర్లు, చేసింది సుమారు క్రీ.పూ. 460లో. ఫొటో వెతికి పెట్టుకుని చదవండి. గడ్డం ఉన్న మనిషి, కాళ్లు ఎడంగా పెట్టి, ఎడమ చెయ్యి ముందుకు చాచి గురి చూస్తున్నాడు. కుడి చెయ్యి వెనక్కి ఎత్తి ఉంది. ఆ గుప్పిట్లో ఏదో ఉండేది, ఇప్పుడు లేదు. వేళ్లు మాత్రం దాన్ని పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

పిడుగైతే జ్యూస్, మూడు మొనల ఈటైతే పొసైడన్. పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. సముద్రంలో దొరికింది కాబట్టి పొసైడనే అనిపించడం సహజం, కానీ ఆ వాదన నిలవదు. విగ్రహాన్ని తీసుకెళ్తున్న ఓడ మునిగింది కాబట్టి అది సముద్రంలో ఉంది. బొమ్మ ఎక్కడ దొరికిందన్నది వేరు, బొమ్మ ఎవరిదన్నది వేరు. గట్టి ఆధారం ఇంకోటి ఉంది. ఇదే భంగిమలో పిడుగు విసురుతున్న జ్యూస్ చిన్న కంచు బొమ్మలు చాలా దొరికాయి. పైగా ఆ చేతిలో పొడుగాటి ఈటె పెట్టి ఊహించుకోండి, పక్కనుంచి చూసేవాళ్లకి అది ముఖానికి అడ్డం వస్తుంది. అంత శ్రద్ధగా ముఖం తీర్చిన శిల్పి దాన్ని మరుగున పడేస్తాడా? అందుకే ఎక్కువమంది జ్యూస్ వైపే మొగ్గుతున్నారు. నేనూ అటే. వస్తువు లేనప్పుడు చెయ్యి ఏం చేస్తోందో చూడాలని ఈ విగ్రహం దగ్గరే నేర్చుకోవచ్చు.

తర్వాతి అభ్యాసానికి మ్యూజియం అక్కర్లేదు, ఆస్పత్రుల వీధిలో నడిస్తే చాలు. డాక్టర్ల కార్ల అద్దాల మీదా, క్లినిక్ బోర్డుల మీదా కర్రకు చుట్టుకున్న పాముల బొమ్మ కనిపిస్తుంది. దగ్గరికెళ్లి పాములు లెక్కపెట్టండి. ఒకటే పాము ఉండి, కర్ర మామూలు కర్రలా ఉంటే అది అస్క్లీపియస్‌ది. ఆయన అపోలో కొడుకు, వైద్యుడు. చచ్చినవాళ్లను కూడా బతికించేంత విద్య నేర్చినందుకు జ్యూస్ పిడుగుతో చంపాడని కథ. ఎపిడారస్‌లో ఆయన గుడికి రోగులు వచ్చి రాత్రి అక్కడే పడుకునేవాళ్లు. దేవుడు కలలోకి వచ్చి వైద్యం చెప్తాడని నమ్మకం. ఆ గుడిలో విషం లేని పాములు స్వేచ్ఛగా తిరిగేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తులో ఉన్నది ఈ ఒంటి పాము కర్రే.

రెండు పాములు పెనవేసుకుని, పైన రెక్కలుంటే అది హెర్మీస్ దండం. హెర్మీస్ దేవతల వార్తాహరుడు. బాటసారులు, వర్తకులు, దొంగలు కూడా ఆయన్నే కొలిచేవాళ్లు. చనిపోయినవాళ్ల ఆత్మల్ని పాతాళానికి తీసుకెళ్లే పని కూడా ఆయనదే. అమెరికా సైన్యంలోని వైద్య విభాగం 1902లో ఈ రెండు పాముల దండాన్ని తన గుర్తుగా పెట్టుకుంది, ఆ వాడకం బాగా పాకింది. ఆత్మల్ని సాగనంపే దేవుడి దండం ఆస్పత్రి గుమ్మం మీద చూస్తే నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. సరైన గుర్తు ఉంది, దాని వెనక అంత మంచి కథ కూడా ఉంది. మీకు తెలిసిన డాక్టరు ఎవరైనా కొత్త బోర్డు చేయిస్తుంటే ఒక మాట చెప్పండి.

ఇక రెండో సూత్రం. ఒక్క గుర్తు చూసి తేల్చెయ్యకండి, రెండోదీ కలవాలి. గాంధార (ఇప్పటి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ ప్రాంతం) శిల్పాల్లో బుద్ధుడి పక్కన ఒక్కోసారి సింహం తోలు కప్పుకున్న దృఢకాయుడు నిలబడి ఉంటాడు. తోలు చూసి హెరాక్లీస్ అనేస్తాం. చేతిలోకి చూస్తే దుడ్డుకర్ర ఉండదు, వజ్రాయుధం ఉంటుంది. ఆయన వజ్రపాణి, బుద్ధుడికి రక్షకుడు. అలెగ్జాండర్ తర్వాత ఆ ప్రాంతాల్లో గ్రీకు పద్ధతి తెలిసిన శిల్పులకి బలశాలి కాపలాదారు అనగానే హెరాక్లీస్ వేషమే తోచింది. గుర్తులు రెండూ కలవకపోతే మీ లెక్క తప్పనుకోకండి. ఒక ఊరి కథ ఇంకో ఊరికి వలస వచ్చిందేమో చూడండి.

చివరి అభ్యాసం మనవాళ్ల పతకాల మీద. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి గెలుచుకున్న కాంస్యం, 2016లో రియోలో పి.వి. సింధు గెలుచుకున్న రజతం ఫొటోలు పక్కపక్కన పెట్టండి. రెండింటి మీదా ఉన్నది గెలుపు దేవత నైకీ. మల్లీశ్వరి పతకం మీద ఆమె కూర్చుని ఉంది, చేతిలో విజేతకిచ్చే కిరీటం. వెనకనున్న కట్టడం రోమ్‌లోని కొలోసియం పోలికలో ఉంది. 1928 నుంచి వచ్చిన నమూనా అది. గ్రీకు ఆటల పతకం మీద రోమన్ కట్టడమేమిటని విమర్శలొచ్చాయి. 2004 ఏథెన్స్ ఆటల నుంచి బొమ్మ మార్చారు. సింధు పతకం మీద నైకీ రెక్కలతో దిగుతోంది, వెనక ఉన్నది 1896 ఆటలు జరిగిన ఏథెన్స్‌లోని పానథినైకో స్టేడియం. ఈ నైకీకి మూలం గ్రీసులోని ఒలింపియాలో దొరికిన పాలరాతి విగ్రహం, చెక్కింది ప్రాచీన గ్రీకు శిల్పి పైయోనియస్. ఆ విగ్రహం ఫొటో దొరికితే పాదాల కింద చూడండి, ఎగురుతున్న గద్ద ఉంటుంది. ఆమె నేల మీద లేదని, ఇంకా గాల్లోంచి దిగుతోందని శిల్పి చెప్పిన తీరది. ఎదురుగాలికి చీర వెనక్కి ఎగిరినట్టు వస్త్రం ఒంటికి ఎలా అతుక్కుందో కూడా గమనించండి.

వచ్చే పాఠానికి మూడు బొమ్మలు. గ్రీసు ఒక యూరో నాణెం మీద పక్షి, దాని పక్కనున్న కొమ్మ. మసెరాటీ కారు ముందు భాగంలోని గుర్తు. వెర్సాచీ బట్టల మీది ముఖం. ఒక్కోదానికి మొదట కనబడే వస్తువు రాయండి, తర్వాత దేవుడి పేరో, కథలోని పాత్ర పేరో, చివర ఆ గుర్తు ఆయనకో ఆమెకో ఎందుకు వచ్చిందో ఒక వాక్యం. మూడోది కాస్త కష్టం, అక్కడ చేతులు కనబడవు. జుట్టు చూడండి. 4వ పాఠం అక్కణ్నుంచే మొదలవుతుంది.