మాటల మూలాలు – 9వ పాఠం: బ్యాండికూట్

నిఘంటువులో అర్థం దగ్గర ఆగిపోకుండా, దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉండే వ్యుత్పత్తి కూడా చదవడం గత పాఠంలో మొదలుపెట్టాం. ఈసారి అది మనల్ని మన వరిచేల గట్ల మీదికే తీసుకొస్తుంది.

మాట: బ్యాండికూట్. స్పెల్లింగ్ బి-ఎ-ఎన్-డి-ఐ-సి-ఓ-ఓ-టి. 'బ్యాన్' దగ్గర నొక్కి పలికి, మిగతాది తేలిగ్గా వదలండి. రెండుమూడు సార్లు పైకి అన్నాక, వెంటనే 'పందికొక్కు' అనండి. పోలిక వినిపించిందా? నిఘంటువులు కూడా అదే చెబుతాయి: ఇది తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట. యూల్, బర్నెల్ కలిసి 1886లో తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 'పంది', 'కొక్కు' అని విడదీసి మరీ చూపించింది.

మరి 'ప' కాస్తా 'బ' ఎలా అయింది? అరచేతిని నోటి ముందు పెట్టుకుని 'పంది' అనండి. గాలి పెద్దగా తగలదు. ఇంగ్లీషువాళ్లు 'పెన్' అన్నప్పుడు మాత్రం మొదటి అక్షరంతో పాటు గాలి బుస్సున వస్తుంది. ఆ గాలి లేని మన 'ప' వాళ్ల చెవికి 'బ'లా వినిపిస్తుంది. మన 'ద' కూడా వాళ్ల దగ్గర లేదు. దానికి దగ్గరగా ఉన్న 'డి' మనకు 'డ'లా వినబడుతుంది. ఈ రెండు మార్పులూ బాగా గుర్తుపెట్టుకోండి, ముందు పాఠాల్లో చాలాసార్లు పనికొస్తాయి. అలాగే 'బ్యాండిట్' అంటే బందిపోటు, 'కూట్' అంటే ఒక నీటిపక్షి. పైకి ఎంత కలిసినట్టున్నా ఈ రెండింటికీ మన మాటతో చుట్టరికం లేదు.

ఇక అర్థం. మొదటిది మనకు తెలిసిన జంతువే. గట్లు తొలిచి, ధాన్యం కన్నాల్లోకి చేరవేసే ఈ పెద్ద ఎలుక జాతికి 1873లో శాస్త్రీయనామం పెట్టినప్పుడు కూడా 'బ్యాండికోటా' అనే అన్నారు. లాటిన్ వేషం వేసుకున్న తెలుగు మాటను చూస్తే నాకు ఎప్పుడూ సంబరమే.

రెండో అర్థం ఆస్ట్రేలియాలో పుట్టింది. 1788లో అక్కడ స్థిరపడటం మొదలుపెట్టిన ఇంగ్లీషువాళ్లకు పొడుగు మూతితో నేల తవ్వే ఒక కొత్త జంతువు కనిపించింది. ఇండియాలోని ఎలుక పేరే దానికీ తగిలించేశారు. నిజానికి అది ఎలుక కానే కాదు, కంగారూలా పొట్టసంచి ఉన్న జంతువు. తవ్వేటప్పుడు మట్టి పడకుండా ఆ సంచి వెనక్కి తెరుచుకుంటుంది. పిల్ల కడుపులో ఉండేది పన్నెండున్నర రోజులే. ఇప్పుడు ఇంగ్లీషు చదివే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఇదే. కాబట్టి వాక్యంలో 'ఇండియన్' అని గానీ, 'ర్యాట్' అని గానీ పక్కన లేకపోతే ఏ దేశం గురించి రాశారో చూసుకోండి.

ఆస్ట్రేలియావాళ్లు దీన్ని క్రియగానూ మార్చారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పైన మొక్క కదలకుండా, కింద బంగాళాదుంపలు మాత్రం తవ్వుకుపోవడాన్ని 'టు బ్యాండికూట్' అంటారు. 'సమ్‌బడీ బ్యాండికూటెడ్ అవర్ పొటేటోస్' అంటే, ఆకులు పచ్చగానే ఉన్నాయి, దుంపలు మాత్రం పోయాయని. తెలుగులో 'పందికొక్కుల్లా మెక్కేశారు' అన్నప్పుడు మన దృష్టి తిండి మీద ఉంటుంది, వాళ్ల దృష్టి దొంగతనపు నేర్పు మీద ఉంది.

మ్యాన్‌హోళ్లలోకి మనుషులు దిగక్కర్లేకుండా కేరళలో ఒక రోబో తయారుచేశారు. దాని పేరూ బ్యాండికూటే. భూమి కిందికి వెళ్లి పనిచేసే యంత్రానికి ఇంతకన్నా తగిన పేరు నాకు తోచదు.

అభ్యాసం: మూడు అర్థాలకూ ఒక్కో ఇంగ్లీషు వాక్యం రాయండి. క్రియను భూతకాలంలోనే వాడండి. తర్వాత నిఘంటువులో 'మంగూస్' తీసి, అది ఏ భాష నుంచి వచ్చిందో, దాని బహువచనం ఎలా రాస్తారో చూసి పెట్టుకోండి. 'గూస్'కి 'గీస్' కదా అని ఊహించి రాసేయకండి. 10వ పాఠం అక్కడ మొదలవుతుంది.