పాత డాట్‌మ్యాట్రిక్స్, కొత్త కంప్యూటర్: ముందు పోర్టు చూడండి

తిరుపతి లాడ్జీల్లో, చిత్తూరు బెల్లం మండీల్లో నేను బాగుచేసే ప్రింటర్లలో కొన్నిటి వయసు, వాటి ముందు కూర్చున్న గుమాస్తా వయసు ఇంచుమించు ఒకటే. మూడు కాపీల రసీదు ఒక్క దెబ్బకు పడాలంటే పిన్నులతో రిబ్బన్‌ను కొట్టి అచ్చువేసే డాట్‌మ్యాట్రిక్స్ ఉండాల్సిందే, అందుకని వాటిని ఎవరూ మార్చరు. మారేది కంప్యూటర్. కొత్తదాని వెనుక 25 పిన్నుల ప్యారలల్ పోర్టు ఉండదు. ఒకవైపు యూఎస్‌బీ, రెండోవైపు 36 పిన్నుల సెంట్రానిక్స్ కనెక్టర్ ఉన్న అడాప్టర్ కేబుల్ కొంటారు, తగిలిస్తారు, ప్రింట్ ఇస్తారు. రాదు. వెంటనే ‘ప్రింటర్ పోయింది’ అని నాకు ఫోను.

ప్రింటర్ పోయిందో లేదో తేల్చడానికి నేను రానక్కర్లేదు. కేబుల్ తీసేసి, ఎల్ఎఫ్ బటన్ (కాగితాన్ని ఒక వరుస జరిపేది) నొక్కిపట్టి ప్రింటర్ ఆన్ చేయండి. చాలా మోడళ్లలో అదే స్వీయపరీక్ష. అక్షరాలు వరుసగా పడుతుంటే హెడ్డు, రిబ్బన్, మోటారు బాగున్నట్టే. ఆ తర్వాత ప్రింటర్ ఆపి, కేబుల్ పెట్టి, 36 పిన్నుల కనెక్టర్‌కు రెండు పక్కలా ఉండే తీగ క్లిప్పులు బిగించండి. ఒకటి పెట్టి రెండోది వదిలేసిన బల్లలు నేను లెక్కలేనన్ని చూశాను.

మొదటిరోజే ప్రింట్ రాకపోతే

ప్రింట్ ఇచ్చారు, హెడ్డు కదల్లేదు, కంప్యూటర్‌లో పని క్యూలో నిలిచిపోయింది. నూటికి తొంభైసార్లు ఇది పోర్టు తప్పు. పాత ప్రింటర్ డ్రైవర్‌ను, అంటే ప్రింటర్‌తో ఎలా మాట్లాడాలో విండోస్‌కు చెప్పే సాఫ్ట్‌వేర్‌ను, చేత్తో ఎక్కించినప్పుడు విండోస్ దాన్ని సాధారణంగా ఎల్‌పీటీ1 పోర్టుకు, అంటే ఆ పాత ప్యారలల్ పోర్టుకు, కట్టేస్తుంది. ఆ పోర్టు ఈ కంప్యూటర్‌లో లేనే లేదు. అడాప్టర్ కూడా ఎల్‌పీటీ పోర్టును సృష్టించదు. విండోస్ దాన్ని ‘యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్’ అనే పరికరంగా గుర్తించి, యూఎస్‌బీ001 అనే పోర్టును తయారుచేస్తుంది. పేరు ఒకచోట, తీగ ఇంకోచోట!

ప్రింటర్ ప్రాపర్టీస్ తెరవండి. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ కాదు, అది వేరే. పోర్ట్స్ ట్యాబ్‌లో యూఎస్‌బీ001 పక్కన టిక్ పెట్టి, అప్లై నొక్కి, టెస్ట్ పేజీ ఇవ్వండి. జాబితాలో యూఎస్‌బీ001 కనబడకపోతే ప్రింటర్‌ను ముందు ఆన్ చేసి, ఆపై అడాప్టర్‌ను గుచ్చండి. అప్పటికీ లేకపోతే కొన్న కేబుల్ ఏమిటో చూడండి. 9 పిన్నుల సీరియల్ కేబుల్ కొనుక్కొచ్చి, దానికి ఇంకో కన్వర్టర్ తగిలించి కూర్చున్నవారూ ఉన్నారు. ఎన్ని తగిలించినా అది ప్యారలల్ కాదు.

నిన్నటిదాకా వచ్చింది, ఈరోజు రావడం లేదు

నన్ను నిజంగా ఏడిపించింది ఇదే. గాంధీ రోడ్డు దగ్గర ఒక లాడ్జి. శనివారం ఉదయం, కౌంటర్ ముందు గుండ్లు గీయించుకుని కొండ దిగి వచ్చిన కుటుంబాలు, రసీదు రావడం లేదు. ముందురోజు నేనే సరిచేసి వెళ్ళాను. డ్రైవర్ తీసి మళ్ళీ ఎక్కించాను, కేబుల్ మార్చాను, చివరికి విండోస్ కూడా కొత్తగా వేద్దామనే దాకా వచ్చాను. అప్పుడు ఊడ్చే ఆమె చెప్పింది: “పొద్దున చీపురు తగిలి వైరు ఊడిందయ్యా, నేనే మళ్ళీ పెట్టాను.” పెట్టింది సరే, పక్క రంధ్రంలో పెట్టింది.

జరిగింది ఇది. ఇలాంటి అడాప్టర్లలో చాలావాటికి తనదంటూ సీరియల్ నంబరు ఉండదు. కాబట్టి ఏ రంధ్రంలో గుచ్చితే అక్కడ విండోస్ దాన్ని కొత్త పరికరంగా లెక్కిస్తుంది. యూఎస్‌బీ002 పుడుతుంది, ఇంకోసారి మారిస్తే యూఎస్‌బీ003. మీ ప్రింటర్ మాత్రం ఖాళీగా ఉన్న యూఎస్‌బీ001నే పట్టుకుని వేలాడుతుంటుంది. తప్పు ఎక్కడుందో చెప్పే సందేశం సరిగా రాదు, మహా అయితే ‘ఆఫ్‌లైన్’ అంటుంది. ఒక్కోసారి విండోస్ తెలివి ప్రదర్శించి అదే ప్రింటర్‌ను ‘కాపీ 1’ పేరుతో ఇంకోటి చేస్తుంది. టెస్ట్ పేజీ కాపీ 1 నుంచి చక్కగా వస్తుంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం పాత పేరుకే పంపుతుంది. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, రసీదు రాదు.

అడాప్టర్‌ను పాత రంధ్రంలోకి మార్చేస్తే సరిపోతుంది. ఏది పాతదో గుర్తులేకపోతే ముందు క్యూలో ఉన్నవన్నీ రద్దు చేయండి. నేను ఆ రోజు రద్దు చేయలేదు. పోర్టు మార్చగానే గంటసేపు పేరుకున్న రసీదులన్నీ, ఒక్కో గదికి ఐదారు చొప్పున, ధారగా పడ్డాయి. తర్వాత అసలు ప్రింటర్ పోర్ట్స్ ట్యాబ్‌లో పెద్ద అంకె నుంచి కిందికి ఒక్కొక్కటీ పెట్టి టెస్ట్ పేజీ ఇవ్వండి. చచ్చిన పోర్టులు కూడా జాబితాలో బతికున్నట్టే కనబడతాయి, చూసి తేల్చలేరు.

కాపీ 1ను వాడుకోవచ్చు కదా అంటారు. వద్దు. 10×12 అంగుళాల సగం కాగితానికి మీరు కష్టపడి పెట్టిన కొలతలు అసలు ప్రింటర్ పేరు మీద ఉన్నాయి. పోర్టు మారిస్తే అవి అలాగే ఉంటాయి, కాపీకి రావు. కాపీని తీసేయండి. డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్ తనంతట తాను మార్చే సదుపాయాన్నీ ఆపేయండి. ఇవన్నీ అయ్యాక ఆ రంధ్రం పక్కన రంగు స్టిక్కర్ ఒకటి అంటించి, ఊడ్చేవారికి చూపించండి. గుమాస్తాకు చూపిస్తే చాలదు.

పిచ్చి అక్షరాలు వస్తే

డ్రైవర్ ఒక భాషలో పంపుతోంది, ప్రింటర్ సెట్టింగ్ ఇంకో భాషలో ఉంది. హెడ్డులో 9 పిన్నులుండే చాలా ప్రింటర్లు ఎప్సన్ కంపెనీ భాషను అర్థం చేసుకుంటాయి, ప్రింటర్ మెనూలో ఎమ్యులేషన్‌ను (ఏ భాష వినాలో చెప్పే సెట్టింగ్) దానికి మార్చి, విండోస్‌లోనూ ఎప్సన్ 9 పిన్నుల డ్రైవర్ పెట్టండి. ఉత్త అక్షరాలే చాలనుకుంటే జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ అనే డ్రైవర్ సరిపోతుంది, అందులో తెలుగు రాదు.

పాత బిల్లింగ్ ప్రోగ్రామ్ ఎల్‌పీటీ1నే అడిగితే

నోట్‌ప్యాడ్ నుంచి వస్తుంది, బిల్లింగ్ నుంచి రాదు. ప్రింటర్‌కు ఖాళీలు లేని చిన్న పేరు పెట్టి షేర్ చేయండి. ఆపై కమాండ్ విండోలో నెట్ యూజ్ ఆదేశంతో ఎల్‌పీటీ1ను ఆ షేర్‌కు కట్టి, పర్సిస్టెంట్ యెస్ అని చేర్చండి. మామూలు కమాండ్ విండోలో చేయండి. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన విండోలో కడితే మామూలుగా నడిచే ప్రోగ్రామ్‌కు అది కనబడకపోవచ్చు. ఇక అసలైన పాత డాస్ ప్రోగ్రామ్ 64 బిట్ విండోస్‌లో తెరుచుకోనే తెరుచుకోదు, దానికి ప్రింటర్‌ను తిట్టి లాభం లేదు.

ప్రింట్ సగంలో ఆగిపోతుంటే మధ్యలో ఉన్న యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా గుచ్చండి, పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడనప్పుడు యూఎస్‌బీని నిద్రపుచ్చే సదుపాయం) ఆపండి, పోర్ట్స్ ట్యాబ్‌లో బైడైరెక్షనల్ సపోర్ట్ టిక్ తీసి చూడండి. అడాప్టరే చెడిందంటే నేను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూసేదాకా నమ్మను. ప్రింటర్ ఆన్‌లో ఉండగా 36 పిన్నుల కనెక్టర్‌ను పీకే అలవాటున్న చోట మాత్రం లోపలి బోర్డు నిజంగానే పోయి ఉండవచ్చు. స్వీయపరీక్ష బాగా వచ్చి, ఏ కంప్యూటర్‌తో పెట్టినా ఒక్క అక్షరమూ పడకపోతే అప్పుడు ప్రింటర్‌ను సంచిలో పెట్టుకుని రండి.