అమెరికా పౌరసత్వం దరఖాస్తు: ఓటరు నమోదు ప్రశ్న దగ్గర ఆగి చూసుకోండి

గ్రీన్‌కార్డుకు ఐదేళ్లు నిండబోతున్నాయంటే ఇంట్లో ఎన్-400 (పౌరసత్వం దరఖాస్తు) ఫారం మాట మొదలవుతుంది. ఆ వెంటే "మేం నింపిపెడతాం, మీరు సంతకం చేస్తే చాలు" అనే కన్సల్టెంట్లూ తగులుతారు. ఫారం అమెరికా ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసే యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రభుత్వానికి కట్టే రుసుము ఆన్‌లైన్‌లో అయితే 710 డాలర్లు, కాగితం మీద అయితే 760. అంతకుమించి ఎవరైనా అడుగుతున్నారంటే అది వాళ్ల సేవకు అడుగుతున్న డబ్బే. చట్టపరమైన సలహా ఇచ్చే హక్కు లైసెన్సున్న లాయర్లకూ, న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులకూ మాత్రమే ఉంది. డబ్బు తీసుకుని ఫారం నింపినవారు అందులోనే తమ పేరు రాసి సంతకం చేయాలి. "మా పేరు వద్దులెండి" అన్నవారి చేతికి మీ కాగితాలు ఇవ్వకండి.

అర్హత సంగతి చాలామందికి తెలిసిందే. గ్రీన్‌కార్డు మీద ఐదేళ్లు, అమెరికా పౌరుల్ని పెళ్లాడి వారితోనే కలిసి ఉంటున్నవారికి మూడేళ్లు. ఆ గడువుకు 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండాలి. దరఖాస్తు పెట్టాక వేలిముద్రలు, ఇంటర్వ్యూ, పరీక్ష, ప్రమాణం. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవారికి అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద కొత్త పరీక్ష ఉంది. 128 ప్రశ్నల జాబితాలోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 65 ఏళ్లు దాటి, గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్లు ఉన్న పెద్దలకు 20 ప్రశ్నల చిన్న జాబితా చాలు. పది అడుగుతారు, ఆరు చెబితే గట్టెక్కినట్టే. వాళ్లు దుబాసీని వెంట తీసుకెళ్లి తెలుగులోనే జవాబులు చెప్పొచ్చు. పరీక్షకు భయపడాల్సిన పని లేదు. తప్పినా 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ ఒక అవకాశం ఇస్తారు.

దరఖాస్తులు దెబ్బతినేది వేరే చోట. ఫారంలో అదనపు వివరాలు అడిగే భాగం మొదట్లోనే రెండు ప్రశ్నలు ఉంటాయి. ఎప్పుడైనా అమెరికా పౌరులమని చెప్పుకున్నారా? ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా? అందరూ చకచకా "లేదు" అని టిక్కు పెట్టి ముందుకు పోతారు. చాలామంది విషయంలో అది నిజమే. కానీ కొందరి పేరు వాళ్లకే తెలియకుండా ఓటర్ల జాబితాలో ఉంటుంది.

పేరు అక్కడికి చేరే దారి డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసు. 1993 నాటి జాతీయ ఓటరు నమోదు చట్టం ప్రకారం చాలా రాష్ట్రాల్లో లైసెన్సుకో, ఐడీ కార్డుకో వెళ్లినప్పుడే ఓటరు నమోదు కూడా అడుగుతారు. కౌంటర్లో ఉద్యోగి గబగబా అడుగుతూ పోతాడు: అవయవదానం చేస్తారా, చిరునామా ఇదేనా, ఓటరుగా నమోదవుతారా. ఇంగ్లిష్ అంతగా రాని అమ్మో నాన్నో మర్యాదకు "ఎస్, ఎస్" అంటారు. తెర మీద వచ్చిన చోట సంతకం పెడతారు. ఆ సంతకం పైన "నేను అమెరికా పౌరుణ్ని" అన్న వాక్యం ఉంటుంది. తెలిసి అబద్ధమాడే ఉద్దేశం వాళ్లకు ఏ కోశానా లేకపోవచ్చు. కాగితం మీద మాత్రం అది పౌరసత్వం గురించి తప్పుడు ప్రకటన. ఇమిగ్రేషన్ చట్టంలో దీన్ని చాలా తీవ్రంగా చూస్తారు, మాఫీకి దారి దాదాపు లేదు. ఆపైన ఓటు కూడా వేస్తే ఫెడరల్ నేరం అవుతుంది, దేశం నుంచి పంపించే కేసు దాకా పోవచ్చు.

ఆఫీసు వైపు పొరపాటూ జరుగుతుంది. లైసెన్సు శాఖ తప్పు వల్ల పౌరసత్వ ఆధారం చూపనివారు వెయ్యి మందికి పైగా ఓటర్లుగా నమోదైనట్టు ఆరెగాన్‌లో 2024లో బయటపడింది. అంతకుముందు 2018లో కాలిఫోర్నియాలోనూ ఇలాంటిదే జరిగింది. అందుకే "మేమెప్పుడూ ఒప్పుకోలేదు" అన్న నమ్మకం ఒక్కటే చాలదు, చూసుకోవాలి.

చూసుకోవడం తేలిక. మీరు ఉన్న రాష్ట్రం ఎన్నికల వెబ్‌సైట్‌లో పేరు, పుట్టిన తేదీ కొట్టి ఓటరు వివరాలు వెతకండి. గ్రీన్‌కార్డు వచ్చాక వేరే రాష్ట్రాల్లో ఉండి ఉంటే అక్కడా వెతకండి. మన పేర్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇంటిపేరు ముందు ఒకసారి, వెనక ఒకసారి, పేరు రెండు ముక్కలుగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే లైసెన్సు మీద "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడటం. ఈ రూపాలన్నింటితోనూ వెతకాలి.

పేరు కనబడితే కంగారు పడొద్దు, దరఖాస్తు మాత్రం ఆపండి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఓటు వేయొద్దు. కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచి రెండు కాగితాలు రాబట్టాలి. ఒకటి, మీ పేరు నమోదైన అసలు దరఖాస్తు నకలు. రెండు, ఓటు వేశారో లేదో చూపే చరిత్ర. అసలు దరఖాస్తులో పౌరసత్వం గడి ఎలా ఉందన్నదే కీలకం. "పౌరుణ్ని కాను" అని టిక్కు పెట్టినా ఆఫీసే నమోదు చేసి ఉంటే, గడి ఖాళీగా వదిలేసి ఉంటే మీ వైపు బలం ఉంటుంది. ఈ కాగితాలతో ఇమిగ్రేషన్ లాయరును కలవండి. పేరు తీసేయమని రాసే లేఖ ఆయన చూశాకే పంపండి, ఎందుకంటే అందులోని ప్రతి మాటా రేపు ఫైల్లోకి చేరుతుంది. లాయరు ఫీజు భారమే, కాదనను. కానీ ఎన్-400 తిరస్కరణతో మొదలయ్యే కేసు ముందు అది చిన్న ఖర్చు.

అన్నిటికన్నా చెడ్డ సలహా "లేదు అని పెట్టెయ్యండి, వాళ్లకెలా తెలుస్తుంది" అన్నది. ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. ఓటర్ల జాబితా ప్రభుత్వ రికార్డే. తెలిసీ దాస్తే పాత పొరపాటుకు కొత్త అబద్ధం తోడవుతుంది. పెద్దవాళ్లకు ఇంటి దగ్గరే ఒక అలవాటు చేయించండి: ప్రశ్న అర్థం కాకపోతే "ఎస్" అనకుండా మళ్లీ చెప్పమని అడగడం. అధికారి వేరే మాటల్లో చెబుతారు, దానికి మార్కులు పోవు.

ఇలాంటి గళ్లు ఇంకా ఉన్నాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఐ-9లో "అమెరికా పౌరులు" పక్కన పొరపాటున టిక్కు పెడితే అదీ తప్పుడు ప్రకటనే. జ్యూరీ విధులకు రమ్మని లేఖ వస్తే చెత్తబుట్టలో వేయొద్దు. పౌరులం కాదన్న గడి నింపి, సంతకం చేసి పంపి, నకలు దాచుకోండి.

ప్రయాణాల సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్లు ఊరెళ్లి ఆరు నెలలు దాటి ఉండిపోతే పౌరసత్వానికి కావాల్సిన నిరంతర నివాసం తెగిపోయిందని అధికారి భావించవచ్చు. అమెరికాలో ఇల్లు అలాగే ఉంచుకున్నారనీ, దగ్గరి కుటుంబం ఇక్కడే ఉందనీ, అక్కడ ఉద్యోగం చేయలేదనీ కాగితాలతో చూపాలి. ఏడాది దాటితే సాధారణంగా తెగినట్టే. ఎక్కువ కాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే రీ-ఎంట్రీ పర్మిట్ ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్లు చాలామంది. అది గ్రీన్‌కార్డును కాపాడుతుంది, పౌరసత్వం లెక్కను కాపాడదు.

ఇంటర్వ్యూ గట్టెక్కి, ఆమోదానికి సిఫార్సు చేశామన్న కాగితం చేతికి వచ్చినా మీరింకా పౌరులు కారు. ప్రమాణం చేసిన క్షణం నుంచే పౌరసత్వం. ఈ మధ్యలో ఉత్సాహం కొద్దీ ఓటరుగా నమోదు చేసుకోవద్దు. ప్రమాణం రోజు గ్రీన్‌కార్డు అప్పగించి సర్టిఫికెట్ తీసుకున్నాక, హాలు దాటకముందే పేరు అక్షరాలు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. తర్వాత దిద్దించుకోవడం తలనొప్పి.

ఆపైన అమెరికా పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ రికార్డులో మార్పు, భారత పాస్‌పోర్టు సరెండర్, కావాలంటే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు). భారత చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి పాత పాస్‌పోర్టు మీద ఇక ప్రయాణం చేయకూడదు. గ్రీన్‌కార్డు ఉండి మీ కస్టడీలో మీతోనే ఉంటున్న 18 ఏళ్లలోపు పిల్లలు మీతోపాటే పౌరులవుతారు, వాళ్లకు విడిగా ఎన్-400 అక్కర్లేదు.

ఇప్పుడు ఓటరు నమోదు. గడువు రాష్ట్రానికో తీరు. కొన్ని చోట్ల ఎన్నికలకు నెల ముందే ముగుస్తుంది, కొన్ని చోట్ల పోలింగ్ రోజునా చేస్తారు. స్కూల్ బోర్డు, కౌంటీ ఎన్నికలనూ వదలకండి. పన్నులు, బడులు, రోడ్లు తేలేది అక్కడే. ఇంగ్లిష్ చదవలేని పెద్దలు ఇంట్లో కూర్చోవాల్సిన పని లేదు. ఓటింగ్ హక్కుల చట్టం 208వ సెక్షన్ ప్రకారం, చదవడం రాయడం రానివారు తమకు నచ్చిన మనిషిని బూత్‌లోకి సాయంగా తీసుకెళ్లొచ్చు. పనిచేసే చోటి యజమాని, ఆయన తరఫువాళ్లు, యూనియన్ ప్రతినిధులు తప్ప కొడుకు, కోడలు, పక్కింటివాళ్లు ఎవరైనా ఫర్వాలేదు.