కల్పిత లోకంలోని ప్రేమకథ నచ్చలేదా? ఎక్కడ తేడా కొట్టిందో ఇలా పట్టుకోండి

టీనేజ్ పాఠకుల కోసం రాసిన ఊహాలోకపు ప్రేమ నవల నిరాశపరిస్తే చాలామంది "ప్రేమకథ తేలిపోయింది" అని ఒక్క ముక్క రాసి, రెండు స్టార్లు ఇచ్చి ఊరుకుంటారు. ఆ రివ్యూ ఎవరికీ పనికిరాదు. ఇలాంటి నవలల్లో చిక్కు చాలాసార్లు ప్రేమలో ఉండదు. ఆ లోకం పెట్టుకున్న నియమానికీ, ప్రేమకీ వేసిన అతుకు దగ్గర ఉంటుంది.

చదవడం అయ్యాక రెండు రోజులు ఆగండి. పుస్తకం తెరవకుండా ఆ నియమాన్ని ఒక్క వాక్యంలో రాయండి. లారెన్ ఆలివర్ నవల ‘డెలీరియం’ (2011) తీసుకుంటే: ప్రేమ ఒక జబ్బు, 18 ఏళ్లు నిండాక అందరికీ ఆపరేషన్ చేసి నయం చేస్తారు. మీ నవలకి అలాంటి వాక్యం కుదరకపోతే మొదటి కారణం దొరికినట్టే.

ఆ నియమం వల్ల రోజువారీ బతుకులో మారాల్సినవి ఐదు రాయండి. ‘డెలీరియం’ లోకంలో అయితే: ప్రేమే లేకపోతే ఏడుస్తున్న బిడ్డని తల్లి ఎత్తుకుంటుందా? పెళ్లిళ్లు ఎవరు కుదురుస్తారు? స్నేహాలు ఏమవుతాయి? కసి, పగ ఉంటాయా? ఇప్పుడు పుస్తకం తిరగేసి, జవాబున్న పేజీ నంబరు పక్కన వేయండి. తొందరపడి తప్పు పట్టకండి. ఆపరేషన్‌తో మమకారం పోయిన కాపలావాడు జాలి లేకుండా కొట్టగలడు, అది నియమానికి లోబడే ఉంది. కసితో కొడితేనే లెక్క తప్పినట్టు.

అసలు పరీక్ష ఇది. ప్రేమికులిద్దరూ కలుసుకున్న ఐదారు సన్నివేశాలు వరసగా రాసుకుని, ఒక్కోచోటా నియమాన్ని తీసేసి చూడండి. ఇంట్లో ఒప్పుకోని మామూలు ప్రేమకథలోనూ అదే సన్నివేశం అచ్చంగా అలాగే సరిపోతే, ఆ లోకం వెనకాల కట్టిన తెర మాత్రమే. ‘డెలీరియం’లో కథానాయిక లీనాని కుక్క కరిస్తే, ఆమె ప్రేమించే అలెక్స్ ఒక షెడ్డులో గాయానికి కట్టు కడతాడు. మగపిల్లలకి ఎడంగా, ప్రేమంటే చావని వింటూ పెరిగిన పిల్ల. కాలిమీద పడ్డ ఆ చెయ్యే ఆమెకి పెద్ద ఉపద్రవం. నియమాన్ని తీసేస్తే ఆ భయం పోతుంది, సన్నివేశం చప్పబడిపోతుంది. మీ జాబితాలో సగమైనా ఇలా నిలవకపోతే నిరాశకి కారణం అదే, ధైర్యంగా రాయండి.

కథానాయిక తనంతట తాను తీసుకున్న నిర్ణయాలు కూడా లెక్కపెట్టండి. పది అధ్యాయాల్లో ఒక్కటీ లేకపోతే పేజీలతో సహా చెప్పండి.

పదిహేడేళ్ల పిల్ల పదిహేడేళ్ల పిల్లలా ఆలోచిస్తే అది లోపం కాదు. మూడు భాగాల కథలో మొదటిది చదివి "ముగింపు లేదు" అనడమూ అన్యాయమే. ఈ భాగం మొదట్లో లేవనెత్తిన ప్రశ్న తీరిందా లేదా అన్నంతవరకే అడగండి.

రివ్యూ రాసేటప్పుడు నియమం ముందు, నిలబడిన సన్నివేశం ఒకటి తర్వాత, తేలిపోయినవి రెండు ఆపైన పెట్టండి. చివరి అధ్యాయాల సంగతి ఎత్తాల్సివస్తే స్పాయిలర్ అని ముందే చెప్పి, విడి పేరాలో రాయండి.