రాతి ఆకృతుల ఛాయాచిత్రణం – నాలుగో పాఠం: పక్కవాటు వెలుతురు

గత పాఠాల్లో ట్రైపాడ్‌ను కదలకుండా నిలపడం, ఎక్స్‌పోజర్‌ను సరిచూసుకోవడం నేర్చుకున్నాం. రాతి ఆకారాన్ని బయటపెట్టే వెలుతురును గుర్తించడం ఈ పాఠం.

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో బిస్టై అనే ఎడారి ప్రాంతం ఉంది. ఇప్పుడు సుమారు 45,000 ఎకరాలున్న ఆ నేలకు చట్టరీత్యా రక్షణ 1984లో మొదలైంది. అక్కడ గుర్తులు పెట్టిన కాలిబాటలు లేవు. దూరం నుంచి బూడిదరంగు దిబ్బలే కనిపిస్తాయి. ఎండిన వాగుల వెంట లోపలికి నడిస్తేగాని గొడుగుల్లా నిలిచిన రాళ్లు కంటబడవు. మెత్తని బురదరాయి మీద గట్టి ఇసుకరాయి పలక ఉన్నచోట, వానా గాలీ చుట్టుపక్కల మెత్తని పొరను కోసుకుపోగా, పలక నీడన ఉన్న భాగం మాత్రం స్తంభమై మిగులుతుంది.

ఈ రాళ్లు మిట్టమధ్యాహ్నం దగ్గర నిలబడి చూసినా సరిగా తెలియవు. రాయి, వెనకనున్న దిబ్బ దాదాపు ఒకే రంగులో ఉండడం వల్ల, వాటిని వేరుచేసి చూపే పని నీడే చేయాలి. ఎండ కెమెరా వెనక నుంచి పడితే నీడలు రాళ్ల వెనక్కి పోయి ఫొటో చదునుగా వస్తుంది. అదే ఎండ ఎడమ నుంచో కుడి నుంచో వాలుగా, రాతి ముఖాన్ని రాసుకుంటూ పోయినప్పుడు ప్రతి పొరా, ప్రతి పగులూ తన నీడతో తాను విడివడుతుంది. అందుకే మధ్యాహ్నమంతా కెమెరా తీయకుండా తిరిగి, ఏ రాయి ఏ దిక్కుకు ముఖం పెట్టిందో దిక్సూచితో చూసి రాసుకొని, సాయంత్రం వాటిలో ఒకటి రెండింటి దగ్గరకే వెళ్లడం మంచిది. అన్నింటి వెంటా పరుగెత్తినవారికి ఏదీ దక్కదని నా గట్టి అభిప్రాయం.

మన గోదావరి డెల్టా ఒండ్రునేల కనుక ఇక్కడ ఇలాంటి రాళ్లు దొరకవు. అయినా సాధనకు కొదవ లేదు. వరద తీసిన తర్వాత, శీతకాలంలో, గౌతమి, వసిష్ఠ పాయల వెంట లంకల గట్లను చూడండి. నది కోసిన చోట ఇసుక, ఒండ్రు పొరలు పొరలుగా బయటపడి ఉంటాయి. నది వంపు తిరిగి, గట్టు దక్షిణానికి ముఖం పెట్టిన చోటు ఎంచుకుంటే, ఉదయం, సాయంత్రం కూడా ఎండ దానిని పక్కనుంచే తాకుతుంది. కోత గట్టు ఎప్పుడైనా విరిగిపడవచ్చు కాబట్టి అంచున గాని, కింద గాని నిలబడకుండా దూరం నుంచి టెలిఫొటో లెన్స్‌తో తీయండి.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజుల్లో సూర్యోదయం తర్వాత కోనసీమలో సూర్యుడు గంటకు దాదాపు 14 డిగ్రీలు పైకి లేస్తాడు. ఉత్తరాన 36 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న బిస్టైలో 12 డిగ్రీలే. అంటే వాలు ఎండ మనకు తక్కువసేపు ఉంటుంది. చోటును ముందురోజే చూసి పెట్టుకోకపోతే చేజారిపోతుంది. పైగా మన గాలిలోని తేమ వెలుతురును చెదరగొట్టి నీడలను మెత్తబరుస్తుంది, ఎడారి పొడిగాలిలో అవి నల్లగా, పదునుగా పడతాయి. అక్కడైతే ఆకాశానికొకటి, నీడకొకటిగా ఎక్స్‌పోజర్ మార్చి రెండు మూడు ఫ్రేములు తీయవలసి రావచ్చు. ఇక్కడ చాలాసార్లు ఒకే రా (RAW) ఫైలు, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచిన ఫైలు, సరిపోతుంది. ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్ 11 పెట్టి షట్టర్ వేగాన్ని మాత్రం మార్చుకుంటూ, హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫ్) కుడి అంచును తాకకుండా చూసుకోండి.

బిస్టై రాళ్లు చేత్తో నొక్కితే రాలిపోయేంత పెళుసుగా ఉంటాయి. మెరుగైన కోణం కోసమని వాటిమీదకు ఎక్కకూడదు. అక్కడి శిలాజ కలప ముక్కలను తీసుకెళ్లడం నిషిద్ధం.

వచ్చే పాఠానికి ముందు ఒకే గట్టును, ఒకే చోట నిలబడి, సూర్యోదయాన, మరో అరగంటకు, మధ్యాహ్నం పన్నెండుకు, సూర్యాస్తమయానికి ముందు తీసి, ఆ నాలుగు ఫొటోలను నలుపు తెలుపుల్లోకి మార్చి పక్కపక్కన పెట్టి పరిశీలించండి. ఐదో పాఠంలో వాటినే తీసుకొని, ముందువైపు నేలను, వెనకనున్న ఆకారాన్ని ఒకే ఫ్రేములో స్పష్టంగా నిలిపే ఫోకస్ పద్ధతిని చూద్దాం.